ఆరు తర్వాతది

దగ్గరికి జరగండి. ఆ గుమ్మంలో నిలబడ్డాయన లోపలికైనా రావాలి, బయటికైనా పోవాలి, గాలికి అడ్డంగా ఉన్నాడు. ఫోన్లో మాట్లాడుతున్న అక్కా, తర్వాత చేస్తానని చెప్పి పెట్టేయి. వాళ్ల కబురు రేపటికీ అలాగే ఉంటుంది, ఈ కథ ఇప్పుడు తప్పితే మళ్లీ దొరకదు. దగ్గేవాళ్లు ఇప్పుడే దగ్గేయండి. అయిందా? ఇక ఎవరూ నోరెత్తకండి.

ఒకచోట నాలుగంతస్తుల భవనం ఉండేది. అందులో అంకెల పని తప్ప ఇంకో పని జరగదు. కుళాయి కారితే బాగుచేయించడానికి ఆర్నెల్లు పడుతుంది కానీ, ఆ ఆర్నెల్లలో ఎన్ని చుక్కలు కారాయో సాయంత్రానికల్లా లెక్క కట్టి బోర్డు మీద రాసేస్తారు. ఆ భవనానికి పెద్ద ఒక పెద్దాయన. మనిషి బక్కపలచన. గొంతు మాత్రం, మూడో అంతస్తులో దగ్గితే కింద సైకిళ్ల గంటలు మోగుతాయి. ఒళ్లంతా సుద్దపొడి. ఆయన చొక్కాలు ఉతికిన నీళ్లు పట్టుకెళ్లి పక్కింటివాళ్లు గోడకి వెల్ల వేసుకున్నారు. రెండు పూతలకి సరిపోయిందట.

పందొమ్మిదేళ్ల కిందట ఈ పెద్దాయన బోర్డు ముందు నిలబడి ఒక మాటన్నాడు. "నేను చెప్పిన పద్ధతిలో సంఖ్యని తయారుచెయ్యండి. దాన్ని పదమూడుతో భాగించండి. శేషం మూడు రావచ్చు, పది రావచ్చు, అసలు మిగలకపోనూ వచ్చు. ఏడు మాత్రం ఛస్తే రాదు." అన్నాడు, అన్నదాన్ని రుజువు చేస్తూ కూర్చున్నాడు. పందొమ్మిదేళ్లూ అరగదీసి, అన్నిటినీ తేల్చి, చివరికి ఒకే ఒక్క సంఖ్య దగ్గర ఆగాడు. అదొక్కటి సరిపోతే అంతా సరిపోయినట్టే. ఆ సంఖ్య ఎంత పెద్దదంటే, కాగితం మీద రాయడం మొదలుపెట్టినవాడు పెళ్లి చేసుకుని, పిల్లల్ని కని, కలం వాళ్ల చేతికిచ్చి పోవాలి.

ఇంతలో ఆ భవనంలో ఏడుకి గడ్డుకాలం వచ్చింది. పెద్దాయన చెవిన ఆ మాట పడకూడదని మొదట ఎవరో భయపడ్డారు, తర్వాత అందరికీ అదే అలవాటైంది. ఆరో నంబరు గది పక్కన ఎనిమిదో నంబరు గదే ఉంటుంది. గోడగడియారంలో ఆ అంకె గీకేశారు. ఉత్తరాల మీద "ఆరో తేదీ మర్నాడు" అని వేస్తారు. నోటితో అనాల్సి వస్తే "ఆరు తర్వాతది" అంటారు. ఉద్యోగానికి వచ్చిన ఒకమ్మాయి, మీరెంతమంది అక్కచెల్లెళ్లమ్మా అనడిగితే నోరు జారి నిజం చెప్పింది. కుర్చీలో వెనక్కి ఆనుకోకముందే ఇంటికి పంపేశారు. పాపం, వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర "ఆరుగురమని చెప్పినా పోయేది" అనుకుందట. అదీ తప్పే. ఒక చెల్లెల్ని చంపుకున్నట్టయ్యేది.

పెద్దాయనకి ఇద్దరు కూతుళ్లు, ఇద్దరు అల్లుళ్లు. ఇద్దరల్లుళ్లదీ ఆ భవనంలోనే పని. పెద్దల్లుడు ఏం పని చేస్తాడో తెలిసినవాళ్లు లేరు, కుర్చీ మాత్రం గిర్రున తిరిగేది ఇచ్చారు. చిన్నల్లుడు మిషన్లు చూసుకుంటాడు. పదకొండేళ్లుగా చూసుకుంటున్నాడు, పదకొండేళ్లుగా అతని ఉద్యోగం తాత్కాలికమే. ఉండేది కూడా మామగారింట్లో మేడ మీది గదిలో. అంటే పొద్దున్న మామగారి నెత్తి మీద నడిచి, మధ్యాహ్నం ఆయన కాళ్ల కింద, నేలమాళిగలో, పనిచేస్తాడు. ఈ రెంటికీ మధ్యలో ఎప్పుడైనా తలెత్తి మాట్లాడాడా అంటే, లేదు.

ఒక సోమవారం పెద్దాయన అందర్నీ హాల్లోకి పిలిచి చెప్పాడు.

"గురువారం పొద్దున్న పదింటికి ముగ్గురు పరీక్షకులు వస్తున్నారు. వాళ్ల కళ్ల ముందు ఆ చివరి సంఖ్య తేలిపోవాలి. చిన్నల్లుడూ, వింటున్నావా?"

"వింటున్నానండి, మామగారూ."

"ఆ తిండిపోతు నా లెక్క తేలిస్తే నీ ఉద్యోగం ఖాయం చేస్తాను. తేల్చకపోతే మిషన్ల గది తాళంచెవి ఈ బల్ల మీద పెట్టు. మేడ మీది గది తాళంచెవి దాని పక్కనే పెట్టు. రెండూ ఒక తాడుకి కట్టి పెట్టినా నాకేం అభ్యంతరం లేదు."

అందరూ నవ్వారు. చిన్నల్లుడు కూడా నవ్వాడు. నవ్వకపోతే బాగుండదు కదా.

తిండిపోతు అంటే మనిషి కాదు, లెక్కల సాఫ్ట్‌వేర్. ఎంత మెమరీ పెట్టినా మింగేస్తుంది కాబట్టి ఆ పేరు. అది వండి వడ్డించినట్టు తయారుగా దొరకదు. దినుసులు చేతిలో పెట్టి నువ్వే వండుకో అంటారు. ఆ దినుసుల్నే సోర్స్ అంటారు. మనుషులు రాసిన ఆ రాతని మిషన్‌కి తెలిసే మాటల్లోకి దించడమే కంపైల్ చేయడం. చిన్నల్లుడు అంతకుముందు వారమే నేలమాళిగలో ఉన్న కొత్త మిషన్ మీద దాన్ని వండాడు. మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ ఫ్యాన్ల హోరుకి వీధిలో పావురాలు ఒక్కటీ కిందికి దిగలేదు. పక్క అలమరలో పెట్టిన కొవ్వొత్తులు నడుము వంచి దండం పెట్టాయి. పెద్దల్లుడు దిగొచ్చి మిషన్ వెనక తడిసిన మేజోళ్లు ఆరేసుకున్నాడు. "నీ వల్ల ఒక ఉపయోగం కనబడింది, తమ్ముడూ" అని వెళ్లిపోయాడు.

వండటం అయ్యాక కొత్త మిషన్ మీద తిండిపోతు గుణకారాల్ని వేరుశనగపప్పులా నమిలేసింది. కానీ పరీక్షకులు నేలమాళిగలోకి దిగరు. వాళ్లలో పెద్దావిడకి మోకాళ్ల నొప్పి. హాల్లో ఉన్న మిషన్ మీదే లెక్క చెయ్యాలి, దానికి బయటినుంచి ఏ తీగా ఉండకూడదు, ఇంకెక్కడినుంచో జవాబు అందించే వీలు లేకుండా. ఇదీ వాళ్ల షరతు. హాల్లో మిషన్ పెద్దాయన కళ్లజోడు కన్నా పాతది. చిన్నల్లుడు తిండిపోతుని ఉన్నపళంగా దాన్లోకి మోసుకొచ్చి పెట్టాడు.

మంగళవారం పొద్దున్న అందరి ముందూ నడిపి చూశాడు. రెండు రెళ్లు అడిగాడు. నాలుగు అంది. వంద వందలు అడిగాడు. పదివేలు అంది. పెద్దాయన తలూపాడు. చిన్నల్లుడికి ధైర్యమొచ్చి అసలు సంఖ్యలో ఒక ముక్క ఇచ్చాడు. కన్ను మూసి తెరిచేలోగా తిండిపోతు చచ్చి పడింది. తెర మీద ఒకే ఒక్క ముక్క మిగిలింది: ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్.

హెడ్ గుమాస్తా ముందుకొచ్చి ఆ ముక్కని రెండుసార్లు చదివాడు. ఆ భవనంలో ఫైళ్లన్నీ ఆయన చంకలోనే ఉంటాయి. నిద్రలో చెయ్యి ఎత్తితే రెండు ఫైళ్లు కిందపడతాయని ఆయన భార్య చెబుతుంది.

"ఇల్లీగల్ అంటే చట్టవిరుద్ధం" అన్నాడు గుమాస్తా. "ఇన్‌స్ట్రక్షన్ అంటే ఆదేశం. మన భవనంలో ఎవరో చట్టవిరుద్ధమైన ఆదేశం ఇచ్చారండి. మిషన్ ఫిర్యాదు చేస్తోంది."

"అది అలాంటిది కాదండి" అన్నాడు చిన్నల్లుడు.

"ఎలాంటిదో విచారణలో తేలుతుంది."

"విచారించండి" అన్నాడు పెద్దాయన. "నా గురువారాన్ని చెడగొట్టిందెవడో నాకు తెలియాలి." అని చిన్నల్లుడి వైపు తిరిగి, "నువ్వు దాన్ని లేపు" అన్నాడు.

మధ్యాహ్నానికల్లా ప్రతి అంతస్తులోనూ నోటీసు అంటించారు. ఫలానా రోజున ఫలానా సమయాన భవనంలో చట్టవిరుద్ధ ఆదేశం ఒకటి జారీ అయినట్టు యంత్రమే స్వయంగా తెలియజేసినందున, ఆదేశం ఇచ్చినవారు తమంతట తాము ఒప్పుకోవలసిందని. అంతే, జనానికి గుండెల్లో రాయి పడింది. ఎవరి మనసులో ఏముందో ఎవరికి తెలుసు? సాయంత్రానికి నలభై ముగ్గురు ఒప్పుకున్నారు. గేటు దగ్గర కాపలాదారు, ఇరవయ్యేళ్లనుంచి ఉన్నవాడు, వచ్చి చేతులు కట్టుకుని, "పరీక్షకుల బండికి చోటుంచమని ఒకాయన్ని బండి వెనక్కి తియ్యమన్నానండి, అది ఆదేశమే కదండీ" అన్నాడు. గుమాస్తా రాసుకుని, ఆయన స్టూలు తీయించేశాడు. అప్పటినుంచి కాపలాదారు నిలబడే ఉన్నాడు, ఇప్పటికీ. ఆ దారిన వెళ్తే చూడొచ్చు, కాళ్లు కాస్త పొడుగయ్యాయి.

చిన్నల్లుడికి ఇవేమీ పట్టలేదు. హాల్లో మిషన్ ముందు కూలబడి తిండిపోతు ఎందుకు చచ్చిందో వెతుకుతున్నాడు. మోసుకొచ్చేటప్పుడు ఏమైనా ఒలికిందేమోనని మళ్లీ మోసుకొచ్చాడు. చచ్చింది. మెమరీ చాలలేదేమోనని ఉన్నదంతా పీకి వేరేది గుచ్చాడు. చచ్చింది. దానికి కావలసిన లైబ్రరీలు, అంటే పక్కనుండి చేయూతనిచ్చే ముక్కలు, ఏవైనా తప్పిపోయాయేమోనని పేరు పేరునా పిలిచి చూశాడు. అన్నీ పలికాయి. మళ్లీ నడిపాడు. మళ్లీ చచ్చింది, ఈసారి ఇంకాస్త తొందరగా.

పెద్దల్లుడు తిరిగే కుర్చీని హాలు దాకా దొర్లించుకొచ్చి పక్కనే ఆపాడు.

"ఆపి మళ్లీ పెట్టావా?"

"పెట్టానండి, అన్నయ్యా."

"గట్టిగా పెట్టావా?"

"మిషన్‌కి గట్టిగా, మెల్లిగా ఏముంటుందండి?"

"అందుకే పదకొండేళ్లనుంచి అక్కడే ఉన్నావు" అన్నాడు పెద్దల్లుడు. కుర్చీలో ఒక చుట్టు తిరిగి, "మీ వదిన నిన్ను తలుచుకుంది పొద్దున్న. మేడ మీది గదిలో గాలి బాగా వస్తుందా అనడిగింది" అన్నాడు.

చిన్నల్లుడు మళ్లీ తెర కేసి తిరిగాడు. చిన్న లెక్కలు బతుకుతున్నాయి, పెద్ద గుణకారం రాగానే చస్తోంది. దీని ప్రాణం గుణకారంలోనే ఉంది అనుకున్నాడు. ప్రోగ్రామ్ ఏ మాట దగ్గర పడిందో వేలు పెట్టి చూపించే పరికరం ఒకటుంది, డీబగ్గర్ అంటారు. దాన్ని తెచ్చి తగిలించాడు. తిండిపోతుని మళ్లీ చంపి, చచ్చినచోట గుడ్డ తీసి చూశాడు. మిషన్‌కి చెప్పిన ఆఖరి మాట కనబడింది. ఎనిమిది అంకెల్ని ఒక్క గుక్కలో గుణించమని చెప్పే మాట అది.

ప్రతి మిషన్‌కీ ఏయే విద్యలు వచ్చో దాని పొట్టలోనే ఒక జాబితా రాసి ఉంటుంది. చిన్నల్లుడు హాల్లో మిషన్ జాబితా కాగితం మీద దించుకుని, మెట్లు దిగి నేలమాళిగలోకెళ్లి కొత్త మిషన్ జాబితా పక్కన పెట్టాడు. కొత్తదానికి ఎనిమిదింటిని ఒక్కసారి గుణించే విద్య వచ్చు. పాతదానికి ఆ మాటే తెలియదు. తెలియని మాట చెవిన పడితే మిషన్ తెల్లమొహం వేయదు, గుటుక్కుమంటుంది. అసలు తప్పు వంటలో జరిగింది. గుణకారాల లైబ్రరీ వండేటప్పుడు అది, తనని ఏ మిషన్ మీద వండుతున్నారో నాడి పట్టుకు చూసి, ఆ మిషన్‌కి వచ్చిన విద్యలన్నీ వాడేసుకుంది. ఎవరూ వద్దని చెప్పలేదు మరి. చెప్పాల్సింది చిన్నల్లుడే.

మెట్ల మీదే కూర్చుని నవ్వుకున్నాడు. పదకొండేళ్లలో ఆ మెట్ల మీద అతను నవ్వడం అదే మొదలు. సరిగ్గా అప్పుడే గుమాస్తా పై మెట్టు మీద నిలబడి ఉన్నాడు.

"సంతోషంగా ఉన్నట్టున్నావు, బాబూ."

"దొరికిందండి. ఎందుకు పడిపోతోందో దొరికింది."

"చెప్పు. రాసుకుంటాను."

"ఇన్‌స్ట్రక్షన్ అంటే ప్రాసెసర్‌కి చెప్పే మాటండి. పాత ప్రాసెసర్‌కి తెలియని మాట చెప్పాం. అందుకే ఇల్లీగల్ అంది."

"అంటే ఆదేశం ఇచ్చిన మాట నిజమే."

"నిజమేనండి, కానీ..."

"ఇచ్చిందెవరు?"

"ప్రోగ్రామండి."

"ఆ ప్రోగ్రామ్‌ని వండిందెవరు?"

"నేనేనండి."

"ఇంకెవరైనా సాయం చేశారా?"

"లేదండి."

"మంచిది. సాయం ఉంటే ఇంకో కాగితం పట్టేది" అన్నాడు గుమాస్తా. "ఆదేశమే కదా, సరే. చట్టవిరుద్ధం అన్న మాటకి మాత్రం ఇంకాస్త బలమైన ఆధారం కావాలి. దొరుకుతుంది, తొందరేం లేదు."

మొత్తం మళ్లీ వండాలంటే మూడు రోజులు. చేతిలో ఉన్నది ఒక్క బుధవారం. చిన్నల్లుడు గుణకారాల లైబ్రరీ ఒక్కదాన్నే విడదీసి, మిగతాది ముట్టుకోకుండా, దాన్ని కొత్తగా వండటానికి పెట్టాడు. ఈసారి ముందే గట్టిగా చెప్పాడు: ఏ మిషన్ మొహమూ చూడకు, ఎవరి నాడీ పట్టుకోకు, ముసలి మిషన్‌కి కూడా వచ్చిన మాటలే వాడు. పొద్దున్న మొదలుపెడితే సాయంత్రం నాలుగుకి అయింది.

మధ్యలో, భోజనాల వేళ, అతని భార్య వచ్చింది. పెద్దాయనకి మందులు తెచ్చే వంకన రోజూ వస్తుంది. గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఏవండీ, అయ్యేలా ఉందా?"

"అవుతుంది. జబ్బేమిటో తెలిసిపోయింది."

"అమ్మ మన గది కొలిచింది."

"ఎందుకు?"

"అక్కావాళ్ల వ్యాయామం సైకిలు పడుతుందో లేదో చూసింది."

"పడుతుందటా?"

"మంచం తీసేస్తే పడుతుందట." మందుల సంచీ చేతులు మార్చుకుని, "మీ బట్టలు ఒక పెట్టెలో సర్దాను. పోవాలని కాదు. సర్ది ఉంటే మంచిదని" అంది.

లైబ్రరీ అయ్యాక దానితోపాటే వచ్చిన పరీక్షలన్నీ పెట్టాడు. జవాబు ముందే తెలిసిన లెక్కలు, పద్నాలుగు వందలు. అన్నీ సరిపోయాయి, ఒక్కటీ తప్పలేదు. దాన్ని హాల్లో మిషన్‌లోకి తెచ్చి, నిన్న చంపిన ముక్కనే మళ్లీ ఇచ్చాడు. తిండిపోతు నింపాదిగా నమిలి, జవాబు చెప్పి, ఇంకేమైనా ఉందా అన్నట్టు చూసింది. చిన్నల్లుడు మిషన్‌ని వీపు మీద నిమిరాడు. ఆ రోజు అతనికి మెట్లన్నీ దిగుడు మెట్లలాగే అనిపించాయి, ఎక్కేటప్పుడు కూడా.

గురువారం పదింటికి హాలు కిటకిటలాడింది. ముగ్గురు పరీక్షకులు ముందు వరసలో కూర్చున్నారు. వాళ్లలో పెద్దావిడ మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ప్రపంచంలో ఎవరి మాటా నమ్మనని మొహం మీదే రాసి పెట్టుకుంది. పెద్దాయన ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. కళ్లు సరిగా ఆనవు కాబట్టి తెర కేసి కాక అల్లుడి కేసి కూర్చున్నాడు. గుమాస్తా ప్రతి మాటా రాయడానికి పుస్తకం తెరిచాడు. పెద్దల్లుడు కుర్చీతో సహా వచ్చాడు.

చిన్నల్లుడు చివరి సంఖ్య ఇచ్చి, నడవమన్నాడు.

పాత మిషన్ మూలిగింది. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఆరు నిమిషాలు. ఆ తర్వాతది కూడా గడిచింది. పదకొండో నిమిషంలో మూలుగు ఆగింది. తెర మీద ఒక్క అంకె వెలిగింది.

చిన్నల్లుడు దాన్ని చూశాడు. మళ్లీ చూశాడు. మళ్లీ నడుపుతానని అడుగుదామా అనుకున్నాడు, కానీ నిన్న పద్నాలుగు వందల లెక్కల్లో ఒక్కటీ తప్పని లైబ్రరీ ఇవాళ తప్పదని అతనికి తెలుసు. ఆ గదిలో ఆ సంగతి తెలిసినవాడు అతనొక్కడే.

"తేలిందా?" అన్నాడు పెద్దాయన.

"తేలిందండి."

"శేషం ఎంత?"

"ఆరు తర్వాతదండి" అన్నాడు చిన్నల్లుడు.

"ఏమిటి?" అంది పరీక్షకుల పెద్దావిడ. "ఆరు తర్వాత అనే అంకె ఎక్కడుందయ్యా? స్పష్టంగా చెప్పు. రికార్డు అవుతోంది."

"ఎనిమిదికి ముందుదండి."

"ఇది లెక్కా, పొడుపుకథా? మీ పెద్దాయన అడుగుతున్నాడు. ఆయన వైపు తిరుగు. ఒక్క మాటలో చెప్పు."

చిన్నల్లుడు మామగారి వైపు తిరిగాడు. చేతులు కట్టుకున్నాడు. కళ్లు మూసుకున్నాడు.

"ఏడు, మామగారూ."

పందొమ్మిదేళ్లుగా ఆ గోడలు ఆ మాట వినలేదు. అంకెగా దాన్ని ఎప్పుడో మర్చిపోయిన జనం అక్కడున్నది. వాళ్లకి మిగిలిన అర్థం ఒకటే. ఇంట్లో పిల్లల్ని కొట్టి, ఏడు, బాగా ఏడు అంటారు చూడండి, అదీ. పిల్లనిచ్చి, నెత్తి మీద గదిచ్చి, పదకొండేళ్లు పని ఇచ్చిన మామగారిని, నిండు సభలో, కళ్లు మూసుకుని మరీ, ఏడవమన్నాడు అల్లుడు.

"ఏమన్నావు?" అన్నాడు పెద్దాయన.

"ఏడండి" అన్నాడు చిన్నల్లుడు. మర్యాద కలిపితే మేలవుతుందనుకున్నాడు. ఇంకా చెడ్డది అయింది.

గుమాస్తా మొహం వెలిగిపోయింది. రెండు రోజులుగా నలభై ముగ్గురిని పిండినా దొరకని ఆధారం ఇప్పుడు తనంతట తానే వచ్చి ఒళ్లో కూర్చుంది. లేచి నిలబడి గట్టిగా చదువుతూ రాశాడు.

"తాత్కాలిక ఉద్యోగి పై అధికారిని ఏడవమని ఆదేశించాడు. రెండుసార్లు. సాక్షులు హాలు నిండా ఉన్నారు. చట్టవిరుద్ధమైన ఆదేశం అంటే ఇదేనండి. మిషన్ మంగళవారమే పసిగట్టింది."

"అంకె అండీ" అన్నాడు చిన్నల్లుడు. "తెర మీద చూడండి, అంకె."

పరీక్షకుల పెద్దావిడ లేవకుండానే మెడ సాచి తెర చూసింది. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ చూసింది. పుస్తకం మూసేసింది. "అంకె సరిగ్గానే ఉంది. సిద్ధాంతమే తప్పు" అంది, మోకాళ్లు పట్టుకుని లేస్తూ. "ఇంతదాకా వచ్చినందుకు ఎవరైనా బండి దాకా చెయ్యి ఆసరా ఇవ్వండి."

అప్పుడు పెద్దాయన ఏడ్చాడు. చప్పుడు లేకుండా కాదు. మూడో అంతస్తులో దగ్గితే కింద గంటలు మోగే గొంతది. మొత్తం సైకిళ్లన్నీ మోగాయి. సుద్దపొడి మీద కన్నీళ్లు రెండు కాలవలు కట్టాయి.

గుమాస్తా అది కూడా చూసి, పుస్తకంలో ఇంకో వరస చేర్చాడు. "ఆదేశం అమలైంది కూడా."

చిన్నల్లుడు మామగారి కుర్చీ దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఓదార్చడం అతనికి చేతకాదు. చేతనైంది ఒకటే, లెక్క చెప్పడం.

"మామగారూ, మీరే అన్నారు కదండీ. తిండిపోతు లెక్క తేలిస్తే ఉద్యోగం ఖాయమని. తేల్చిందండి. ఒక్క తప్పు లేకుండా తేల్చింది."

పెద్దాయన అతని కేసి చూశాడు. సరిగా ఆనని కళ్లు కూడా ఆ ఒక్కసారికి సూటిగా ఆనాయి.

"అది తేల్చలేదురా. ముంచింది" అన్నాడు. "పడిపోయి ఉన్నదాన్ని ఎవడు లేపమన్నాడు నిన్ను?"

"మీరేనండి."

"లేపమంటే లేపేస్తావా?"

పెద్దల్లుడు కుర్చీలో మెల్లిగా ముందుకి దొర్లాడు. "నాకు మొదట్నుంచీ అనుమానమేనండి, మామగారూ. బాగా నడిచేదాన్ని విప్పి, లోపలనుంచి ఏదో తీసేసి, వేరేది పెట్టాడు. నిన్న సాయంత్రం నాలుగింటి దాకా అదే పని. తీసేసిన ఆ ముక్కతో చేసుంటే మీ అంకే వచ్చుండేది."

"తీసేసిన ముక్కతో అది నడవదు, అన్నయ్యా."

"చూశారా, ఒప్పుకున్నాడు" అన్నాడు పెద్దల్లుడు.

హాలంతా తలలూపింది. అంత హాయైన మాట ఆ పూట ఇంకెవరూ అనలేదు. పందొమ్మిదేళ్లు వృథా అని ఒప్పుకోవడం కన్నా, ఒక తాత్కాలికపు అల్లుడు లోపలేదో మార్చాడని ఒప్పుకోవడం అందరికీ తేలిక. పెద్దాయన కూడా ముక్కు తుడుచుకుని ఆ మాటనే పట్టుకున్నాడు. బల్ల మీద అరచేత్తో రెండుసార్లు తట్టాడు, తాళంచెవులు పెట్టాల్సిన చోట.

చిన్నల్లుడు జేబులోంచి మిషన్ల గది తాళంచెవి తీసి పెట్టాడు. రెండోది పెట్టబోతే, వెనకనుంచి భార్య చెయ్యి వచ్చింది. ఆపడానికేమో అనుకున్నాడు. ఆమె ఆ తాళంచెవి అందుకుని తనే బల్ల మీద పెట్టింది.

"నేను పుట్టినప్పట్నుంచీ నాన్న కంట నీరు చూడలేదు" అంది. "లెక్క తప్పయితే కావచ్చు. ఆ మాట అనడానికి మీకు నోరెలా వచ్చింది?"

"అంకె అది. ఇంకోలా ఎలా చెప్పను?"

"మూడని చెప్పచ్చు కదా. ఎవరికి తెలుస్తుంది? మీకే తెలుసు." ఆమె తాళంచెవుల్ని తండ్రి వైపు జరిపింది. "పెట్టె ఇంటి మెట్ల దగ్గర పెట్టించాను. సైకిలు పైకి ఎక్కిస్తున్నారు, దారి మీదే ఉంటారు, పక్కనుంచి వెళ్లండి."

అంతే. చిన్నల్లుడు లేచాడు. గుమాస్తా అతని చేత మూడుచోట్ల సంతకం పెట్టించుకున్నాడు, చట్టవిరుద్ధ ఆదేశం ఇచ్చింది తానేనని. మూడోచోట సంతకం పెడుతుంటే కలం ఇంకు అయిపోయింది. గుమాస్తా నొచ్చుకుని, తన సొంత కలం ఇచ్చి, తర్వాత మర్చిపోకుండా తిరిగి పుచ్చుకున్నాడు. హాల్లో పెద్దల్లుడు మిషన్ మీటలు టకటకా నొక్కుతున్నాడు, పాత ముక్క మళ్లీ తగిలించి నడుపుతాడట, మామగారి అంకె వచ్చేదాకా. ప్రతిసారీ అది చస్తోంది. ప్రతిసారీ పెద్దాయన, "ఇది నయం, దీనికి మర్యాద తెలుసు" అంటున్నాడు.

చిన్నల్లుడు వసారాలోకి వచ్చేసరికి కళ్లవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. ఏడుపు ఆపుకోవడానికి దవడ మీద చెయ్యి గట్టిగా అదిమి పెట్టుకున్నాడు. అక్కడ బల్ల మీద ఒక ముసలాయన, చెంప వాచిపోయి, తలకి తువ్వాలు కట్టుకుని, పొద్దుటినుంచీ కూర్చుని ఉన్నాడు. పక్క వీధిలో పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లబోయి ఈ భవనంలోకి వచ్చేశాడు. లోపల మిషన్ మూలుగు, ఆ తర్వాత పెద్దాయన గావుకేక, తలుపులోంచి ఒక్కొక్కళ్లే మొహాలు వేలాడేసుకుని రావడం, అన్నీ గమనించాడు. సరైన చోటికే వచ్చానని నమ్మకం కుదిరింది.

చిన్నల్లుణ్ణి చూడగానే కాస్త పక్కకి జరిగి చోటిచ్చాడు. జాలిగా అతని దవడ కేసి చూశాడు.

"ఒకే ఒక్కటి చెప్పు బాబూ" అన్నాడు. "వీళ్లు పీకేముందు మత్తుసూది వేస్తారా, ఊరికే పీకేస్తారా?"